విదేశంలో బోధన ఉద్యోగం ముగిసినప్పుడు: ఏ నిర్ణయం ముందు, ఏది తర్వాత

విదేశంలో బోధన ఉద్యోగం ముగియబోతోందని తెలిసినప్పుడు ఉపాధ్యాయులకు ఎదురయ్యే ప్రశ్న పైకి ఒకటిగానే కనిపిస్తుంది: ఇక ఏం చేయాలి? విడదీసి చూస్తే అందులో అనేక ప్రశ్నలు పెనవేసుకుని ఉంటాయి. ఈ దేశంలో చట్టబద్ధంగా ఇంకా ఎన్ని రోజులు ఉండవచ్చు? యాజమాన్యం నుంచి రావలసిన డబ్బు ఎంత, ఏ షరతుల మీద వస్తుంది? కొత్త నియామకాలు ఏ నెలల్లో జరుగుతాయి? చేతిలో ఉన్న అర్హతలు ఎక్కడ చెల్లుతాయి? కుటుంబం ఎక్కడ ఉండాలి? వీటన్నిటి అడుగున మరొకటి ఉంటుంది: అసలు బోధనలోనే కొనసాగాలా?

వీటిలో ఒక్కో ప్రశ్నకు ఒక్కో గడువు. నివాస అనుమతి సంగతి వారాల్లో తేలిపోతుంది. నియామకాల సీజన్ ఏడాదికి ఒకసారి వస్తుంది. వృత్తికి సంబంధించిన ప్రశ్నకు ఎవరూ గడువు పెట్టరు. చిక్కు ఇక్కడే వస్తుంది. అన్నిటికంటే దగ్గరగా ఉన్న గడువు అన్నిటికంటే పెద్ద ప్రశ్నకు మన తరఫున జవాబు చెప్పేస్తుంది. వీసా పోతుందన్న ఆందోళనలో, మామూలు పరిస్థితుల్లో ఒప్పుకోని బడిలో, తమకు అలవాటు లేని వయసు పిల్లలకు బోధించడానికి రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టేవారు ఎందరో ఉన్నారు. దగ్గరి గడువుతో దగ్గరి ప్రశ్నను మాత్రమే తేల్చుకోవాలని, దూరపు ప్రశ్నను దానికి ముడిపెట్టకూడదని చెప్పడానికే ఈ వ్యాసం.

ముగింపులన్నీ ఒకటి కావు

మొదట తేల్చుకోవలసింది ఉద్యోగం ఏ విధంగా ముగిసిందన్నది. కొన్ని ఉద్యోగాలకు ముగింపు తేదీ మొదటి రోజునే రాసి ఉంటుంది. విదేశీయులను తమ బడుల్లో భాషా బోధనకు రప్పించడానికి జపాన్ ప్రభుత్వం 1987లో ప్రారంభించిన జెట్ కార్యక్రమంలో కాంట్రాక్టు ఏడాదికోసారి పునరుద్ధరిస్తారు, మొత్తం అయిదేళ్లు దాటనివ్వరు. అమెరికాలో జె-1 (సాంస్కృతిక మార్పిడి కార్యక్రమాల) వీసా మీద వచ్చే ఉపాధ్యాయులకు మూడేళ్లు ఇస్తారు, బడి కోరితే మరో ఏడాది లేదా రెండేళ్ల పొడిగింపు దొరకవచ్చు. అదే వర్గంలో మళ్లీ రావాలంటే మధ్యలో రెండేళ్లు అమెరికా బయట నివసించి ఉండాలి. ఇటువంటి ఉద్యోగాల్లో చివరి ఏడాదిని మామూలు ఏడాదిలా గడిపేసి, ఆఖరి మూడు నెలల్లో వెతుకులాట మొదలుపెట్టడం కావాలని ఇబ్బంది తెచ్చుకోవడమే. తేదీ ముందే తెలిసినప్పుడు సిద్ధపడటానికి ఏడాదిన్నర ఉన్నట్టే లెక్క.

కాంట్రాక్టు ముగిసి యాజమాన్యం పునరుద్ధరించకపోవడం, మనమే రాజీనామా చేయడం, మధ్యలో తొలగించడం వేర్వేరు సంగతులు. చట్టం దృష్టిలో వీటి ఫలితాలు వేరు, తర్వాతి బడి దృష్టిలోనూ వేరు. గౌరవంగా బయటికి వచ్చినట్టు ఉంటుందని కొందరు, కాంట్రాక్టు పునరుద్ధరించబోమని యాజమాన్యం చెప్పగానే తామే రాజీనామా పత్రం ఇచ్చేస్తారు. కొన్ని దేశాల్లో ఆ ఒక్క కాగితంతో రావలసిన డబ్బులో పెద్ద వంతు పోతుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను. రాజీనామా ఇవ్వమని యాజమాన్యం మెత్తగా సూచించినా సరే, ఆ దేశపు కార్మిక చట్టం చదవకుండా, లేదా తెలిసిన వారిని అడగకుండా ఏ పత్రం మీదా సంతకం చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇవి కాక మరో రకం ముగింపు ఉంది. 2021 జులైలో చైనా ప్రభుత్వం పాఠశాల పాఠ్యాంశాల ప్రైవేటు ట్యూషన్లను తీవ్రంగా కట్టడి చేసింది. లాభాపేక్షతో నడిచే ఆ సంస్థలను లాభాపేక్ష లేని సంస్థలుగా మార్చాలంది, వారాంతాల్లో, సెలవుల్లో తరగతులు నిషేధించింది, విదేశాల్లో ఉన్న విదేశీయులను నియమించుకుని ఆన్‌లైన్ పాఠాలు చెప్పించడాన్ని కూడా ఆపేసింది. ఆ ఉద్యోగాల్లో ఉన్న వారి పనితనానికీ ఆ ముగింపుకూ ఏ సంబంధమూ లేదు. అయినా అటువంటప్పుడు మనిషి తనలోనే లోపం వెతుక్కుంటాడు, మరింత కష్టపడితే అదే రంగంలో ఇంకో ఉద్యోగం దొరుకుతుందనుకుంటాడు. రంగమే కుంచించుకుపోయినప్పుడు అందులోనే మరో బడి వెతకడం వృథా శ్రమ. ఉద్యోగం పోయిందా, లేక ఆ రకం ఉద్యోగమే పోయిందా అన్నది మొదటి వారంలోనే నిజాయితీగా తేల్చుకోవాలి.

నివాస అనుమతి: రోజుల లెక్క

విదేశీ ఉపాధ్యాయుల్లో చాలామందికి నివాస హక్కు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే ఎన్నాళ్లు ఉండవచ్చన్నది దేశాన్ని బట్టి, వీసా వర్గాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో హెచ్-1బి మీద పనిచేసే ఉపాధ్యాయులకు ఉద్యోగం ముగిశాక గరిష్ఠంగా 60 రోజులు వెసులుబాటు ఉంటుంది. అధీకృత నివాస కాలం అంతకు ముందే ముగిస్తే ఆ తేదీయే గడువు. ఆ వ్యవధిలో కొత్త యాజమాన్యం వారి తరఫున దరఖాస్తు దాఖలు చేయగలిగితే దేశం విడిచి వెళ్లనక్కరలేదు. జె-1 వారికి కార్యక్రమం పూర్తయ్యాక 30 రోజులు ఉంటాయి గానీ, అవి సామాన్లు సర్దుకోవడానికీ ప్రయాణానికీ ఇచ్చినవే, ఆ రోజుల్లో పనిచేయకూడదు. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా ఉన్న వారి ఉద్యోగం ముగిస్తే బడి ఆ విషయాన్ని హోం శాఖకు తెలియజేయాలి. హోం శాఖ నుంచి లేఖ వచ్చాక మామూలుగా 60 రోజుల లోపు కొత్త దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి.

జపాన్ పద్ధతి వేరు. ఉద్యోగం వదిలినంత మాత్రాన వీసా వెంటనే రద్దు కాదు. అయితే ఉద్యోగం మారిన సంగతి 14 రోజుల్లోపు వలస విభాగానికి తెలియజేయాలి, తగిన కారణం లేకుండా మూడు నెలలు ఆ వీసాకు తగిన పని చేయకపోతే దాన్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. పైగా ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు చెప్పే వారి వీసా వర్గం ఒకటి, ప్రైవేటు భాషా శిక్షణ సంస్థల్లో చెప్పే వారిది మరొకటి. ఇటు నుంచి అటు మారాలంటే వర్గం మార్పుకు అనుమతి తీసుకోవాలి. పని అదే అయినా కాగితం అదే కాదన్న సంగతి చాలామందికి మారే రోజు దాకా తెలియదు. చైనాలో ఉద్యోగం మారే వారికి ప్రాణాధారమైన కాగితాలు రెండు: పాత యాజమాన్యం ఇచ్చే ఉద్యోగ విముక్తి పత్రం, వర్క్ పర్మిట్ రద్దయినట్టు ధ్రువపత్రం. అవి లేకపోతే కొత్త బడి వారి పేరు మీద పర్మిట్‌కు దరఖాస్తు చేయడమే కష్టమవుతుంది.

ఈ రోజుల లెక్కతో తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: గడువు తేదీ నాటికి చట్టబద్ధంగా ఎక్కడ ఉంటాను? దానికి జవాబులు మూడో నాలుగో ఉంటాయి. కొత్త యాజమాన్యానికి బదిలీ కావడం, భార్య లేదా భర్త వీసా మీద ఆధారపడే వర్గంలోకి మారడం, చదువుకోసం విద్యార్థి వీసా తీసుకోవడం, దేశం విడిచి వెళ్లి బయటి నుంచి వెతుక్కోవడం. చివరి దాన్ని చాలామంది ఓటమిగా భావిస్తారు. నాకు అలా అనిపించదు. అంతర్జాతీయ బడుల ఇంటర్వ్యూలు ఇప్పుడు ఎక్కువగా వీడియో కాల్‌లోనే జరుగుతున్నాయి. అభ్యర్థి ఏ దేశంలో కూర్చుని ఉన్నాడన్నదాని కంటే ఏ తేదీకి రాగలడన్నదే వారికి ముఖ్యం. గడువు దాటి ఉండిపోవడం వల్ల వచ్చే నష్టం మాత్రం చాలా కాలం వెంటాడుతుంది. ఆ తర్వాత చేసుకునే వీసా దరఖాస్తుల్లో, గతంలో ఎక్కడైనా గడువు మీరి ఉన్నారా అన్న ప్రశ్నకు ప్రతిసారీ జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

కుటుంబం ఉన్న వారికి ఈ లెక్క మరో మెలిక తిరుగుతుంది. భార్యాపిల్లల నివాస హక్కు కూడా ఆ ఒక్క ఉద్యోగం మీదే ఆధారపడి ఉంటే అందరి గడువూ ఒకేసారి మొదలవుతుంది. పిల్లలు రెండేళ్ల కోర్సు మధ్యలో, ఉదాహరణకు ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియట్) డిప్లొమా మొదటి ఏడాదిలో ఉంటే, ఆ కోర్సును అవే సబ్జెక్టులతో అదే స్థాయిలో కొనసాగించగల మరో బడి దొరకడం తేలిక కాదు. ఇటువంటి సందర్భంలో తల్లిదండ్రుల వృత్తి నిర్ణయాన్ని ఏడాది వాయిదా వేసి, పిల్లల కోర్సు ముగిసే దాకా ఒకరు ఏదో ఒక ఉద్యోగంలో సర్దుకుపోవడం సబబే. అది తాత్కాలిక ఏర్పాటేనని ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే చాలు.

రావలసిన డబ్బు, ఆగిపోయే సౌకర్యాలు

తర్వాత ఎంతకాలం ఆగి ఆలోచించగలమన్నది డబ్బును బట్టి ఉంటుంది. కాబట్టి ఈ భాగాన్ని వివరంగానే చూడాలి. గల్ఫ్ దేశాల్లో ఉద్యోగం ముగిసినప్పుడు గ్రాట్యుటీ ఇవ్వడం చట్టం. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న యూఏఈ కార్మిక చట్టం ప్రకారం, కనీసం ఏడాది పనిచేసిన వారికి మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆపై ప్రతి ఏడాదికీ 30 రోజుల చొప్పున మూల వేతనం చెల్లించాలి. మొత్తం రెండేళ్ల వేతనానికి మించదు. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లోపు బకాయిలన్నీ ఇవ్వాలి.

ఇక్కడ మూల వేతనం అన్న మాట దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. ఒక ఉపాధ్యాయుడికి నెలకు 15,000 దిర్హాములు వస్తున్నాయని, అందులో 9,000 మూల వేతనం, మిగతాది ఇంటి అద్దె, రవాణా భత్యాలు అని అనుకుందాం. ఆరేళ్లు పనిచేస్తే మొదటి అయిదేళ్లకు 105 రోజులు, ఆరో ఏటికి 30 రోజులు, మొత్తం 135 రోజులు. నెలకు వచ్చే 15,000 మీద రోజుకు 500 చొప్పున లెక్క వేసుకుని 67,500 దిర్హాములు వస్తాయని అతడు ఆశిస్తాడు. అసలు లెక్క 9,000 మీద, అంటే రోజుకు 300 చొప్పున. చేతికి వచ్చేది 40,500. తేడా 27,000 దిర్హాములు, దాదాపు రెండు నెలల జీతం. ఆ సొమ్మును నమ్ముకుని నాలుగు నెలలు ఖాళీగా ఉండి వెతుక్కోవచ్చని నిర్ణయించుకున్న వారికి మూడో నెల మధ్యలోనే చేతులు ఖాళీ అవుతాయి. కాంట్రాక్టు తీసి మూల వేతనం అంకె చూసుకోవడానికి అయిదు నిమిషాలు పట్టదు. అది అన్నిటికంటే ముందు చేయవలసిన పని.

సౌదీ అరేబియాలో మొదటి అయిదేళ్లకు ఏడాదికి సగం నెల, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల వేతనం చొప్పున లెక్కిస్తారు. అయితే ఉద్యోగి తానుగా రాజీనామా చేస్తే రెండేళ్ల లోపు సర్వీసుకు ఏమీ రాదు, రెండు నుంచి అయిదేళ్ల మధ్య అయితే మూడో వంతు, అయిదు నుంచి పదేళ్ల మధ్య అయితే మూడింట రెండు వంతులు వస్తుంది. పదేళ్లు నిండితేనే పూర్తి మొత్తం. కాంట్రాక్టు గడువు తీరి ముగిస్తే ఈ కోత ఉండదు. నాలుగేళ్లు పనిచేసిన వారు కాంట్రాక్టు ముగిసేదాకా ఆగకుండా పరువు కోసం రాజీనామా ఇస్తే మూడింట రెండు వంతులు వదులుకున్నట్టే. యూఏఈ కొత్త చట్టంలో రాజీనామాకు ఇలాంటి కోత లేదు. పొరుగు దేశాలే అయినా ఇంత తేడా ఉంది కనుక ఒక దేశంలో పనిచేసిన మిత్రుడి సలహాను మరో దేశంలో యథాతథంగా పాటించకూడదు.

తూర్పు ఆసియాలో లెక్కలు మరో రకం. దక్షిణ కొరియాలో ఏడాది నిండిన ఉద్యోగికి ఏడాదికి 30 రోజుల సగటు వేతనం చొప్పున విరమణ భత్యం చెల్లించాలి, ఆ సగటును చివరి మూడు నెలల జీతం మీద కడతారు. అందుకే పదకొండో నెలలో మానేయడానికీ పన్నెండో నెల పూర్తి చేయడానికీ మధ్య తేడా ఒక నెల జీతం మాత్రమే కాదు, రెండు నెలల జీతం. జపాన్‌లో పింఛను పథకానికి కనీసం ఆరు నెలలు చందా కట్టి దేశం విడిచిన విదేశీయులు ఏకమొత్తం వాపసు కోరవచ్చు. దేశం విడిచిన రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. లెక్కలోకి తీసుకునే గరిష్ఠ కాలాన్ని 2021లో 36 నెలల నుంచి 60 నెలలకు పెంచారు. ఉద్యోగుల పింఛను వాపసులో 20.42 శాతం పన్ను మినహాయిస్తారు. జపాన్‌లో ఉండే ఒకరిని పన్ను ప్రతినిధిగా నియమిస్తే, ఆ పన్నును తిరిగి కోరే వీలుంది.

అయితే ఈ ఏకమొత్తం తీసుకుంటే అప్పటిదాకా కట్టిన కాలం రికార్డులో నుంచి చెరిగిపోతుంది. జపాన్‌లో వృద్ధాప్య పింఛనుకు కావలసిన కనీస కాలాన్ని 2017లో 25 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు తగ్గించారు. మళ్లీ జపాన్ వెళ్లే ఉద్దేశం ఉన్నవారికి, లేదా స్వదేశంతో జపాన్‌కు పింఛను కాలాన్ని కలిపి లెక్కించే ఒప్పందం ఉన్నవారికి, ఆ కాలాన్ని నిలబెట్టుకోవడమే లాభం కావచ్చు. రెండేళ్ల గడువు ఉంది కనుక విమానం ఎక్కే వారంలోనే దీన్ని తేల్చేయనక్కరలేదు. పక్కన పెట్టుకుని, తర్వాతి ఉద్యోగం ఏ దేశంలోనో తెలిశాక నిర్ణయించుకోవచ్చు. దగ్గరి గడువుకు దూరపు నిర్ణయాన్ని ముడిపెట్టకూడదని నేనన్నది ఇటువంటి వాటి గురించే.

వచ్చే డబ్బు ఎంత ముఖ్యమో, ఆగిపోయే సౌకర్యాలు అంతే ముఖ్యం. బడి ఇచ్చిన ఇల్లు, ఆరోగ్య బీమా, ఏటా విమాన టికెట్లు ఒకేసారి ఆగిపోతాయి. అంతర్జాతీయ బడుల్లో పనిచేసే వారికి అన్నిటికంటే పెద్ద సౌకర్యం పిల్లలకు ఫీజు మాఫీ. అది జీతం పత్రంలో కనిపించదు కనుక దాని విలువ పోయినప్పుడే తెలుస్తుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో కొత్త ఉద్యోగం జీతం ఎక్కువైనా, ఫీజు మాఫీ లేకపోతే నికరంగా నష్టమే రావచ్చు. బీమా విషయంలో, పాత పాలసీ ఏ రోజు అర్ధరాత్రితో ముగుస్తుందో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకుని, కొత్తది ఆ మరునాడే మొదలయ్యేలా చూసుకోవాలి. గల్ఫ్‌లో బ్యాంకు అప్పులున్న వారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అప్పు తీర్చే వరకు బ్యాంకు ఖాతాను స్తంభింపజేయడం, చెల్లించకుండా వెళ్లబోతే ప్రయాణ నిషేధం పడటం అక్కడ జరిగే వ్యవహారాలే. కాబట్టి గ్రాట్యుటీ జమ కాకముందే బ్యాంకుతో మాట్లాడుకోవడం మేలు.

నియామకాల సీజన్

ఉపాధ్యాయుల నియామకాలకు ఒక రుతువు ఉంటుంది. ఉత్తరార్ధ గోళంలోని అంతర్జాతీయ బడులు చాలావరకు ఆగస్టు లేదా సెప్టెంబరులో తెరుచుకుంటాయి. వాటి నియామకాలు ముందటి అక్టోబరులో మొదలై జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉద్ధృతంగా సాగుతాయి. అందుకే చాలా బడులు వచ్చే ఏడాది ఉంటారా లేదా అని తమ ఉపాధ్యాయులను శరదృతువులోనే అడుగుతాయి. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో, దక్షిణ కొరియాలో మార్చిలో, ఆస్ట్రేలియాలో జనవరి చివరలో మొదలవుతుంది. కాబట్టి జూన్‌లో ఉద్యోగం ముగిసిన వ్యక్తికి ఉత్తరార్ధ గోళపు మంచి అవకాశాలు చాలావరకు అప్పటికే భర్తీ అయి ఉంటాయి. మే నుంచి ఆగస్టు దాకా వచ్చే ప్రకటనల్లో చివరి నిమిషంలో ఎవరో తప్పుకున్న మంచి ఖాళీలూ ఉంటాయి, ఏటా ఉపాధ్యాయులు నిలవని బడుల ఖాళీలూ ఉంటాయి. వేరుచేసి చూడటానికి ఇంటర్వ్యూలో అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ స్థానంలో ఇంతకు ముందున్న వ్యక్తి ఎంతకాలం పనిచేశారు, ఎందుకు వెళ్లారు? ఆ జవాబు తడబడితే ఆలోచించాలి.

లోకమంతటా ఉపాధ్యాయుల కొరత ఉందన్న మాట నిజమే. 2030 నాటికి ప్రాథమిక, మాధ్యమిక విద్యకు మరో 4.4 కోట్ల మంది ఉపాధ్యాయులు అవసరమని యునెస్కో అంచనా, అందులో దాదాపు కోటిన్నర సబ్‌సహారా ఆఫ్రికాలోనే. అయితే కొరత ఉన్న చోటికీ మనం వెళ్లాలనుకునే చోటికీ, కొరత ఉన్న సబ్జెక్టుకూ మనం చెప్పే సబ్జెక్టుకూ పొంతన ఉండాలి. గణితం, భౌతికశాస్త్రం చెప్పే వారికి ఆలస్యంగా వెతికినా దొరుకుతుంది. ప్రాథమిక తరగతుల వారికీ సామాజికశాస్త్రం వారికీ పోటీ ఎక్కువ. మొదటి వారు ఆగి ఎంచుకోవచ్చు. రెండవ వారు సీజన్ మొదట్లోనే దిగాలి.

వెళ్లేముందు చేతికి తీసుకోవలసిన కాగితాలు

ఈ విషయానికి నేను ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను. దేశంలో ఉండగా ఒక పూటలో అయ్యే పని, దాటి వెళ్లాక నెలలు పట్టవచ్చు. మొదటిది సర్వీసు సర్టిఫికెట్. చాలా బడులు ‘ఫలానా వారు మా వద్ద ఉపాధ్యాయులుగా పనిచేశారు’ అని రెండు వాక్యాల్లో రాసి ముద్ర వేసి ఇచ్చేస్తాయి. అది తర్వాత ఎందుకూ పనికిరాదు. చేరిన తేదీ, వెళ్లిన తేదీ, పూర్తికాలమా పాక్షికమా, బోధించిన సబ్జెక్టు, పిల్లల వయసు లేదా తరగతులు, అనుసరించిన పాఠ్య ప్రణాళిక, వారానికి బోధించిన గంటలు, ఉద్యోగం ముగియడానికి కారణం ఉండాలి. సంతకం చేసిన వారి హోదా, బడి చిరునామా, ఫోను నంబరు కూడా కావాలి. లైసెన్సు ఇచ్చే సంస్థలు, జీతం శ్రేణి నిర్ణయించే బడులు సరిగ్గా ఈ వివరాలే అడుగుతాయి. యాజమాన్యం మీద భారం వేయకుండా మీరే ముసాయిదా రాసి ఇచ్చి, సంతకం మాత్రం కోరితే పని వేగంగా అవుతుంది.

రెండవది పోలీసు క్లియరెన్స్ పత్రం. పిల్లలతో పని కనుక, పనిచేసిన ప్రతి దేశం నుంచీ దాన్ని కోరే బడులు ఎక్కువ. బ్రిటన్‌లో నివసించి వెళ్లిన వారికి దీనికోసమే అంతర్జాతీయ బాలల రక్షణ ధ్రువపత్రం అన్న ప్రత్యేక ఏర్పాటు ఉంది. మూడవది పత్రాల ప్రామాణీకరణ. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం జారీ చేసిన దేశం వేసే ధ్రువీకరణ ముద్ర ఒక్కటి చాలు. సౌదీ అరేబియాకు 2022 డిసెంబరు నుంచి, చైనాకు 2023 నవంబరు నుంచి ఆ ఒప్పందం వర్తిస్తోంది. ఒప్పందంలో లేని దేశాలకు రాయబార కార్యాలయాల చుట్టూ తిరిగే పాత పద్ధతి తప్పదు. నాలుగవది పరిచయ లేఖలు ఇచ్చే వారి సొంత ఈమెయిలు. బడి ఈమెయిలు మీదే ఆధారపడితే, ప్రిన్సిపాల్ కూడా మరో దేశం వెళ్లిపోయిన రోజున జాడ దొరకదు. బడి ఖాతాలో ఉన్న మీ పాఠ్య ప్రణాళికలు, శిక్షణ ధ్రువపత్రాలు కూడా ఖాతా మూసేయక ముందే, బడి నిబంధనలు అనుమతించిన మేరకు, భద్రపరచుకోవాలి. పిల్లల వివరాలు, ఫొటోలు మాత్రం వెంట తీసుకెళ్లకూడదు.

వృత్తి ప్రశ్న

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తేలిక ప్రశ్నలు, ఎందుకంటే వాటికి నిబంధనలున్నాయి. బోధనలో కొనసాగాలా, ఎక్కడ, ఏ హోదాలో అన్నదానికి నిబంధన లేదు. అయినా ఒక కొలత ఉపయోగపడుతుంది. విదేశంలో గడిపిన ఏళ్లలో మీకు నచ్చింది ఏది? బోధనా, ఆ దేశమా, ఆ జీతమా, ఇల్లు విడిచి దూరంగా ఉండటమా? ఒకదాన్ని ఇంకొకటి అనుకుని తర్వాతి అడుగు వేసిన వారు త్వరలోనే అసంతృప్తి పడతారు. దేశం నచ్చిన వారు అక్కడే ఉండటానికి బోధన కాక వేరే దారులు కూడా వెతకవచ్చు. బోధన నచ్చిన వారికి ఏ దేశమన్నది రెండో విషయం. జీతం కోసమే వెళ్లిన వారు లక్ష్యంగా పెట్టుకున్న మొత్తం చేతికి వచ్చిందో లేదో చూసుకుంటే నిర్ణయం దానంతటదే తేలుతుంది. దూరంగా ఉండటమే నచ్చిన వారికి మాత్రం ఇంకో దేశంలో ఇంకో కాంట్రాక్టు కొన్నేళ్లే ఊరట ఇస్తుంది.

కొనసాగాలనుకునే వారికి అసలు విషయం లైసెన్సు. ఏ లైసెన్సూ లేకుండా ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నందుకో, డిగ్రీ ఉన్నందుకో దొరికిన ఉద్యోగాలు మొదటి రెండు మూడేళ్లకు సరిపోతాయి గానీ, వాటిలో పై మెట్లు తక్కువ. గుర్తింపు ఉన్న ఉపాధ్యాయ అర్హత ఉంటే జీతం, ఇల్లు, పిల్లల ఫీజు మాఫీ ఉన్న బడుల తలుపులు తెరుచుకుంటాయి. విదేశాల్లో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు క్యూటీఎస్ (ఇంగ్లండ్‌లో అధికారిక ఉపాధ్యాయ హోదా) అర్హతకు నేరుగా దరఖాస్తు చేసుకునే కొత్త విధానాన్ని ఇంగ్లండ్ 2023లో తెచ్చింది. అది లేకున్నా, విదేశంలో అర్హత పొందిన వారు అక్కడి ప్రభుత్వ నిర్వహణ బడుల్లో నాలుగేళ్ల దాకా బోధించవచ్చు. క్యూటీఎస్ ఇవ్వని అంతర్జాతీయ పీజీసీఈ (ఉపాధ్యాయ విద్యలో పోస్ట్‌గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్) కోర్సులు కూడా ఉన్నాయి. క్యూటీఎస్ ఇచ్చే పీజీసీఈ పేరూ వీటి పేరూ దగ్గరగా ఉండటంతో డబ్బు కట్టాక తేడా తెలిసే ప్రమాదం ఉంది. స్వదేశంలో లైసెన్సు ఉన్నవారు దాని పునరుద్ధరణ గడువు విదేశంలో ఉండగా దాటిపోలేదని ముందు సరిచూసుకోవాలి. ఉద్యోగం ముగిసి ఖాళీగా ఉన్న ఏడాదిని లైసెన్సు సంపాదించడానికి వాడుకోవడం నాకు తెలిసిన మంచి ఉపయోగాల్లో మొదటిది.

తరగతి గది వదలాలనుకునే వారికీ బోధన అనుభవం వృథా కాదు. పరీక్ష పత్రాలు దిద్దడం, పాఠ్యపుస్తకాలు, ఆన్‌లైన్ కోర్సుల రూపకల్పన, ఉపాధ్యాయ శిక్షణ, సంస్థల్లో ఉద్యోగుల శిక్షణ, విద్యార్థుల ప్రవేశాల విభాగం వంటివి దగ్గరి దారులు. 1968లో జెనీవాలో స్థాపితమైన ఐబీ సంస్థ పరీక్షలకు దిద్దేవారు ఇంటి నుంచే ఆ పని చేస్తారు. దాన్ని పూర్తి జీవనాధారంగా చూడలేం. అయితే ఆ అనుభవం మళ్లీ బడిలో చేరదలచినప్పుడు బాగా పనికొస్తుంది.

స్వదేశానికి తిరిగి వెళ్లే వారి విషయంలో ఒక మాట. కొత్త దేశంలో సర్దుబాటు మొదట ఉత్సాహంగా మొదలై, మధ్యలో కుంగి, మళ్లీ తేరుకుంటుందని 1955లో నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్గార్డ్ వర్ణించాడు. తిరిగి ఇంటికి వచ్చాక కూడా అదే క్రమం మరోసారి నడుస్తుందని 1963లో గల్లాహార్న్ దంపతులు దాన్ని విస్తరించారు. తర్వాతి పరిశోధనల్లో ఈ క్రమం అందరికీ ఒకేలా ఉండదని తేలింది. కానీ తిరిగి రావడం వెళ్లడం కంటే తేలిక అన్న నమ్మకాన్ని ఆ పరిశీలనలు సడలించాయి. వచ్చిన మూడో నెలలో అంతా పొరపాటైందనిపిస్తే, దాన్ని నిర్ణయం తప్పనడానికి రుజువుగా తీసుకుని వెంటనే మరో విదేశీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టకూడదు. ఒక విద్యా సంవత్సరం పూర్తిగా గడిచాక చూసుకుంటే స్పష్టంగా తెలుస్తుంది.

ఎటూ తేలక కొంతకాలం ఉద్యోగం లేకుండా ఉండే వారు ఆ విరామం గురించి సిగ్గుపడనక్కరలేదు గానీ, దాన్ని తేదీలతో సహా రాసిపెట్టుకోవాలి. బాలల రక్షణ నిబంధనల కింద ఇంగ్లండ్ బడులూ అనేక అంతర్జాతీయ బడులూ దరఖాస్తుదారు ఉద్యోగ చరిత్రలో ఖాళీలుంటే తప్పక వివరణ అడుగుతాయి. ‘2024 జులై నుంచి 2025 మార్చి వరకు తల్లి అనారోగ్యం వల్ల ఇంటి వద్ద ఉన్నాను, ఆ కాలంలో ఫలానా కోర్సు పూర్తి చేశాను’ అన్న ఒక్క వాక్యం చాలు. ఆ కాలంలో వేరే దేశంలో నివసించి ఉంటే అక్కడి పోలీసు పత్రం కూడా అడగవచ్చు కనుక దానికీ అప్పుడే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.